కొనలేని ఇల్లు చూడటానికి వెళ్ళొచ్చా?

ప్రశ్న:

మాస్టారూ, మేం నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. ఏడాదిగా మా ఇద్దరికీ ఒక పిచ్చి పట్టుకుంది. ఆదివారం వస్తే చాలు, అమ్మకానికి పెట్టిన పెద్ద పెద్ద ఇళ్ళు చూడటానికి బయల్దేరతాం. తెల్లాపూర్, కొల్లూరు, మోకిల, అన్నీ తిరిగాం. మా దగ్గరున్న డబ్బుకి వాటి గేటు కూడా రాదు. నేను ప్రతి ఇంటికీ మురిసిపోతాను, మా ఆయన ప్రతి ఇంటికీ వంక పెడతారు. "ఇది ఇల్లా, నగల షాపా?" అంటారు. కారెక్కాక పోట్లాట.

పోయిన వారం కొంపల్లి వైపు పన్నెండేళ్ళ క్రితం కట్టిన డూప్లెక్స్ చూశాం. 300 గజాలు, తూర్పు ముఖం. హాలు రెండంతస్తుల ఎత్తు, మధ్యలో షాండ్లియర్, గాల్లో తేలుతున్నట్టుండే మెట్లు, పడమర వైపు నిలువెత్తు అద్దం. నాకు నోట మాట రాలేదు. మా ఆయన "ఫంక్షన్ హాల్లా ఉంది" అన్నారు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళిద్దరే ఉంటున్నారు. పిల్లలు అమెరికాలో ఉన్నారట, అందుకే అమ్ముతున్నారని ఏజెంట్ చెప్పాడు. కింద చిన్న గదిలో మంచం, కిటికీలో మందుల డబ్బాలు. పై గదులకి తాళాలుంటే ఏజెంటే తీసి చూపించాడు. ఆవిడ మాకు టీ ఇచ్చారు. వెనకవైపు కరివేపాకు చెట్టు, దాని పక్కన బట్టలుతికే బండ చూపించారు. అక్కడ మాత్రం మా ఆయన ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు ఆవిడ "మళ్ళీ రండమ్మా, మీకు ఇల్లు నచ్చినట్టుంది" అన్నారు. కొనే స్తోమత లేదని చెప్పలేకపోయాను. అప్పట్నుంచి మనసు బాగాలేదు. ఇలా చూడటం తప్పా? చూస్తే అసలెలా చూడాలి? మా ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?

ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం మొదటి సగం చదువుతూ నవ్వుకున్నాను. టీ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. టీ సంగతి చివర్లో చెప్తాను.

ఇళ్ళు చూడటం పిచ్చే అయితే, ఆ పిచ్చే నాకు ముప్పై ఏళ్ళు అన్నం పెట్టింది. సైట్ ఇంజనీరుగా రిటైరయ్యాను. ఇప్పటికీ ‘ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు కనిపిస్తే నా స్కూటర్ దానంతటదే స్లో అవుతుంది. కాబట్టి తప్పని నేననను. మోడల్ విల్లా అని బోర్డు పెట్టి, ఏసీలు వేసి ఉంచినవాటికి నిశ్చింతగా వెళ్ళండి. వాళ్ళు కట్టిందే చూపించడానికి. గేటు దగ్గర మీ ఫోన్ నంబరు రాయించుకుని ఆర్నెల్లు ఫోన్లు చేస్తారు కదా, అదే మీరు కొనే టికెట్టు. మనుషులు కాపురముంటున్న ఇల్లు వేరు.

ఎవరిది కరెక్ట్ అంటారా, ఇద్దరూ చూస్తున్నది ఫోటోనే. మీరు ఆ ఫోటో చూసి మురిసిపోతున్నారు, ఆయన ఎగతాళి చేస్తున్నారు. "ఫంక్షన్ హాల్లా ఉంది" అన్నది మంచి జోకే, ఎక్కడో ఒకచోట నేనూ వాడుకుంటాను. కానీ వంక పెట్టడమంటే ఆ హాలు ఎవరికి, ఏ వేళప్పుడు, ఏ పని దగ్గర ఇబ్బంది పెడుతుందో చెప్పగలగాలి. మెచ్చుకోవడమూ అంతే, "ఎంత బాగుందో" అన్నాక ఎందుకని ఎవరైనా అడిగితే జవాబుండాలి. నా మటుకు నేను ఏ ఇంట్లోకి అడుగుపెట్టినా ఒకటే ఊహించుకుంటాను: సోమవారం పొద్దున ఏడింటికి ఇక్కడ ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడి ఉంటారు? లంచ్ బాక్సులు సర్దే మనిషి, స్నానానికి వంతు కోసం చూసే మనిషి, ఒక కాలికే సాక్సు తొడుక్కుని ఇంకోటి వెతుక్కునే పిల్లాడు, అంట్లు తోమడానికి వచ్చిన ఆవిడ. ఈ జనాన్నంతా ఆ ఇంట్లో తిప్పితే, షాండ్లియర్ మీదున్న చూపు తనే కిందికి దిగుతుంది.

మీకు నోట మాట రానివ్వని ఆ హాలునే తీసుకుందాం. కొలతలు రాయలేదు, 16 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు అనుకుందాం. మామూలుగా 10 అడుగుల ఎత్తులో శ్లాబు వేస్తే లోపల 2,880 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. ఎత్తు 20 అడుగులు చేస్తే 5,760. ఏసీ చల్లబరచాల్సింది రెట్టింపు గాలిని, మనం కూర్చునేది మాత్రం కింది ఆరడుగుల్లోనే. వేడిగాలి పైకి పోతుంది. పోయి ఎక్కడుంటుంది? పై బెడ్‌రూముల గుమ్మాల ముందు. కింద ఇంగువ పోపు పెడితే పైన దిండుకి తెలుస్తుంది. కింద సీరియల్లో అత్తగారు అరిస్తే పైన పరీక్షకి చదివే పిల్లాడు వినాల్సిందే. ఇక షాండ్లియర్‌లో బల్బు పోయిందనుకోండి, అంత ఎత్తుకి నిచ్చెన ఎవరు వేస్తారు? నేను చూసిన డబుల్ హైట్ హాళ్ళలో అన్ని బల్బులూ వెలిగే షాండ్లియర్లు తక్కువ. ఈసారి లెక్కపెట్టండి, మీకో ఆట.

అలాగని ఆ హాలు వట్టి దండగ అని కొట్టిపారేయను. మీకక్కడ గుండె నిండా ఊపిరి ఆడింది చూశారా, అది అబద్ధం కాదు. ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు, ఆ తర్వాత చిన్న ఫ్లాట్‌లో ఉండే మనిషి తలెత్తి చూసినప్పుడు ఏమీ అడ్డు లేకపోవడం పెద్ద సుఖమే. దాని ఖరీదు తెలుసుకుని మెచ్చుకోమంటున్నాను, అంతే. పైన 288 చదరపుటడుగుల గది వదులుకుంటే వచ్చిన సుఖం అది. ఆ ఖాళీని కూడా అమ్మే విస్తీర్ణంలో కలిపారా అని ఏజెంట్‌ని అడిగి, అతని మొహం చూడండి.

డబుల్ హైట్ హాలు చూపించేటప్పుడు ఏజెంట్లు "మన పాతకాలం మండువా లాంటిదే సార్" అంటుంటారు. కాదు. మా అమ్మమ్మగారిది కోనసీమలో మండువా లోగిలి. మధ్యలో ఆకాశానికి తెరిచిన చదరం, దాని చుట్టూ నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకుల కప్పు, టేకు స్తంభాలు, మోచేతి పొడవు మందం మట్టిగోడలు. పైన మూత లేదు కాబట్టి వేడి ఎక్కి పైకి వెళ్ళిపోతుంది. వాన పడితే నాలుగు చూర్ల నుంచీ నీళ్ళు మధ్యకి పడి, తూములోంచి బయటికి పోతాయి. ఇప్పటి హాలుకి పైన శ్లాబో, అద్దమో మూత పెడతాం. గిన్నె మీద మూత పెట్టి ఆవిరి ఎందుకు పోవట్లేదంటే ఏం చెప్తాం? అయితే మండువా గొప్పే చెప్పి ఊరుకోను. లోపలి గదుల్లో పట్టపగలు దీపం కావాలి. ఏటా వానలకి ముందు పెంకులు సర్దించాలి, కోతులు వాటిని సర్దనిచ్చినంత సేపు ఉంచవు. రాత్రి పూట దొడ్లోకి వెళ్ళాలంటే టార్చిలైటు, తోడుకి ఒక మనిషి. ఆ చదరం చుట్టూ రోజుకి రెండుసార్లు చిమ్మి, కడిగి, ముగ్గు వేసినవాళ్ళెవరూ మండువా ఎంత బాగుందో అని ఫోటోలు తీసుకోలేదు. మా అమ్మ అయితే పెళ్ళై సిమెంటు ఇంటికి వచ్చిన రోజు హాయిగా నిద్రపోయానని చెప్పేది.

పడమటి అద్దానికి వద్దాం. ఏజెంట్ మిమ్మల్ని తీసుకెళ్ళింది పొద్దున పదింటికా? అయ్యుంటుంది. పడమటి గది పొద్దున పూట దేవతలా ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం నాలుగింటికి వెళ్ళి ఆ అద్దానికి అరచేయి ఆనించండి. గోడ అయితే కాస్త ఆలస్యంగా వేడెక్కుతుంది, అద్దం ఎండని అప్పటికప్పుడే లోపలికి పంపిస్తుంది. ఆ ఇంట్లో అద్దానికి లోపలివైపు మందపాటి కర్టెన్లు ఉన్నాయా? ఉంటే, మూసి ఉన్నాయా? ఖరీదు పెట్టి అద్దం పెట్టించుకుని, మళ్ళీ ఖరీదు పెట్టి కర్టెన్ వేసి, పగలు లైటు వేసుకుని కూర్చునే ఇళ్ళు మన హైదరాబాద్‌లో వీధికి నాలుగు. నేను ఎవరినీ అనక్కర్లేదు. మా ఇంటికి ఎలివేషన్, అంటే ముందువైపు రూపం, అందంగా ఉంటుందని నేనే రెండడుగుల గూళ్ళు ఆరు గీసుకున్నాను. ఇంజనీరుని కదా, ఎవరు వద్దంటారు. ఈరోజు వరకు వాటిలో పావురాలు కాపురం చేస్తున్నాయి. వాటి రెట్టలు గీకించడానికి ఏటా మనిషిని పెట్టి, వల కట్టించి, ఆ వల చినిగితే మళ్ళీ కట్టించి... మా ఆవిడ ఆ గూళ్ళకి నా పేరు పెట్టింది.

ఇప్పుడు ఆ ఇంట్లో మీరు చూసి కూడా చూడనిది చెప్తాను. కింద చిన్న గదిలో మంచం, కిటికీలో మందులు, పై గదులకి తాళాలు అని రాశారు. పిల్లలు అమెరికాలో ఉన్నారు కాబట్టి అమ్ముతున్నారని ఏజెంట్ అన్నాడు. పిల్లలు వెళ్ళి ఎన్నాళ్ళయిందో గానీ, ఆ పెద్దవాళ్ళని పై నుంచి కిందికి దింపింది మాత్రం ఆ తేలే మెట్లే అని నా అనుమానం. పదిన్నర అడుగుల ఎత్తు ఎక్కాలంటే ఆరంగుళాల మెట్లయితే ఇరవై ఒకటి కావాలి. చోటు కలిసొస్తుందని మెట్ల సంఖ్య తగ్గిస్తారు, ఒక్కో మెట్టు ఎత్తు ఏడున్నరకి పోతుంది. ఇంటి మెట్లకి జాతీయ నిర్మాణ నియమావళి ఒప్పుకునే గరిష్ఠం అదే, 190 మిల్లీమీటర్లు. పాదం పెట్టే వెడల్పు 250కి తగ్గకూడదు. నియమం ఒప్పుకున్నా మోకాలు ఒప్పుకోవాలిగా. పైగా తేలే మెట్లకి మధ్యలో ఖాళీ ఉంటుంది, పట్టుకోవడానికి ఒకవైపు అద్దం ఉంటుంది, రెండోవైపు ఏమీ ఉండదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, నీళ్ళ సీసా ఒక చేత్తో పట్టుకుని దిగే డెబ్భై ఏళ్ళ మనిషిని ఊహించుకోండి. కింద సరైన బెడ్‌రూమ్, దానికి ఆనుకుని బాత్‌రూమ్ ఉండి ఉంటే వాళ్ళు ఇంకో పదేళ్ళు ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళేమో. నేను గీసిన ప్లానుల్లో కూడా ఈ తప్పు ఉంది, అప్పుడు నాకు ముప్పై అయిదేళ్ళు, మోకాలంటే ఏంటో తెలియదు.

అందుకే, ఎంత గొప్ప ఇల్లయినా ముందు అడగాల్సింది ఎందుకు అమ్ముతున్నారని. ఫలక్‌నుమా ప్యాలెస్ చూశారు కదా? 1884లో ‘పైగా’ అనే ప్రభువుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా మొదలుపెట్టి దాదాపు తొమ్మిదేళ్ళు కట్టించాడు. 101 మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల ఇప్పటికీ ఉంది. కట్టడం పూర్తయ్యేసరికి అంత గొప్ప ప్రభువూ అప్పుల్లో కూరుకుపోయాడు. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సొమ్ము ఇచ్చి ఆ భవనం తీసుకున్నాడు. ఇప్పుడది హోటల్. కట్టుకున్నవాడు సుఖంగా ఎన్నాళ్ళున్నాడో లెక్క వేస్తే ఆ బల్ల అందం వేరేలా కనిపిస్తుంది. మనవాళ్ళు ‘ఇల్లు కట్టి చూడు’ అన్నది ఊరికే కాదు.

వంటిల్లు గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు! ఇళ్ళ మీద ఇంత ప్రేమ ఉన్నావిడ వంటిల్లు వదిలేశారంటే హాలు మిమ్మల్ని అక్కడిదాకా పోనివ్వలేదన్నమాట. ఈసారి తిన్నగా అక్కడికే వెళ్ళండి. గట్టు దగ్గర నిలబడి దోసె తిప్పుతున్నట్టు చెయ్యి ఆడించండి, భుజం లేస్తే గట్టు మీకు ఎత్తు. మిక్సీ ప్లగ్ ఎక్కడుందో, పాతిక కిలోల బియ్యం బస్తా ఎక్కడ పెడతారో చూడండి. కొత్త విల్లాల్లో చూపించడానికో వంటిల్లు, వండటానికో వంటిల్లు ఉంటున్నాయి. వండేది ఎప్పుడూ చిన్నది, చీకటిది. దాని వెనక పనిమనిషి గది అని ప్లానులో రాసిన ఆరడుగుల గది ఉంటుంది. దానికి కిటికీ ఉందా లేదా అన్నది ఆ ఇల్లు గీసినవాడి మనసు ఎలాంటిదో చెప్తుంది.

చూసే విద్య ఇంకొంచెం కావాలంటే, లోపలికి వెళ్ళగానే లైట్లన్నీ ఆర్పేయమనండి. ఏజెంట్ ముందే వచ్చి అన్నీ వేసి పెడతాడు. జేబులో రూపాయి బిళ్ళ ఉంచుకుని నేల టైల్స్ మీద అక్కడక్కడ తట్టండి. నిండుగా మోగితే సరే, డొల్లగా మోగితే కింద సిమెంటు పట్టలేదు. బాత్‌రూమ్‌లో ఒక మగ్గు నీళ్ళు తలుపు దగ్గర పొయ్యండి, అవి జాలీ వైపు నడవాలి. గుమ్మం వైపు నడిస్తే ఆ ఇల్లు కట్టినవాడు పని జరిగేటప్పుడు అక్కడ లేడు. పైన బాత్‌రూమ్ ఉన్నచోట కింది గది సీలింగ్ చూడండి. అక్కడే ఫాల్స్ సీలింగ్ ఉండి, మిగతా గదుల్లో లేకపోతే అది అలంకారం కాకపోవచ్చు. నాలుగు గోడల్లో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకో అడగండి. బీరువా తెరిచి వాసన చూడండి, చెమ్మ ముందు ముక్కుకే దొరుకుతుంది. ఇదంతా మోడల్ విల్లాల్లోనో, ఖాళీగా ఉన్న ఇళ్ళల్లోనో చేయండి. కాపురమున్నవాళ్ళ బీరువాలు తెరవకండి.

కాగితాల సంగతి కొనేవాళ్ళకి కావాలి, మీకిప్పుడు అంత అవసరం లేదు. చెరువు పక్కన ‘లేక్ వ్యూ’ అని మురిపించే ఇల్లు చూసినప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. హెచ్ఎండిఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో పది హెక్టార్లు, అంటే దాదాపు పాతికెకరాలు, దాటిన చెరువుకి నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు కట్టకూడని చోటు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ మీటర్ల విలువ ఊరందరికీ తెలిసొచ్చింది. వ్యూ బాగుందంటే నీళ్ళు దగ్గరున్నాయనే కదా అర్థం.

ఇక మీ వారు. ప్రతి ఇంటినీ వెక్కిరించే మగవాడి దగ్గర నాకు తెలిసినంతలో ఒక భయం ఉంటుంది. పక్కనున్న మనిషి ఈ హాలుని చూసి మన హాలుని గుర్తు తెచ్చుకుంటోందేమో, దాంతోపాటు నన్నూ కొలుస్తోందేమో అని. మీరలా అనుకోవట్లేదని నాకు తెలుసు, ఆయనకి తెలియాలి. వచ్చే ఆదివారం ఎక్కడికీ వెళ్ళకండి. పదహారడుగుల టేపు కొనుక్కుని మీ అద్దె ఫ్లాట్‌నే కొలవండి. హాలెంత, వంటగట్టు ఎత్తెంత, మంచానికీ బీరువాకీ మధ్య నడిచే దారెంత. సొంతింటి కొలత ఒంటికి తెలిశాక, పక్కవాడి ‘పద్దెనిమిది అడుగులు’ అంటే ఎంతో తెలుస్తుంది. ఒకచోట మీ ఫ్లాటే గెలుస్తుంది, అది కనిపెట్టినప్పుడు ఆయన మొహం చూడండి. ఆ తర్వాతి ఆదివారం విల్లాకి వెళ్ళినప్పుడు పాత్రలు మార్చుకోండి. ఆయన మెచ్చుకోవాలి, మీరు వంక పెట్టాలి. జోకులు లెక్కలోకి రావు. కారులో పోట్లాట ఎలాగూ ఉంటుంది, కనీసం అది వెంటిలేటర్ల గురించి అవుతుంది.

ఇప్పుడు టీ. ఇల్లు అమ్మకానికి పెట్టిన పెద్దవాళ్ళకి ఎవరో వస్తున్నారని ఏజెంట్ ఫోన్ చేస్తే ఆ పూట ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా అన్నయ్య ఇల్లు అమ్మినప్పుడు పక్కనే ఉన్నాను. పొద్దున్నుంచే దుప్పట్లు మారుస్తారు, మందుల డబ్బాలు దాస్తారు. ఆవిడ దాయలేదంటే ఓపిక అయిపోయి ఉండాలి. వచ్చినవాళ్ళ మొహంలో ఇల్లు నచ్చిందా లేదా అని వెతుక్కుంటారు. మీ మొహంలో ఆవిడకి అది దొరికింది. అందుకే ‘మళ్ళీ రండి’ అన్నారు. ఇప్పుడు ఇంకొకరు బేరానికొస్తే ‘నిజాంపేట అమ్మాయి చూసి వెళ్ళింది, నాలుగు రోజులు ఆగుదాం’ అనుకునే ప్రమాదం ఉంది. తప్పు ఎక్కడైనా ఉంటే అక్కడుంది, ఇల్లు చూడటంలో లేదు.

దిద్దుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఏజెంట్ చేత చెప్పించకండి, అతను చెప్పడు. చెప్పినా ‘పార్టీ డ్రాప్ అయింది’ అంటాడు. నంబరు తీసుకుని మీరే ఆవిడకి ఫోన్ చేయండి. ‘అమ్మా, ఇల్లు మాకు చాలా నచ్చింది, మా శక్తికి మించింది, మా కోసం ఎవరినీ ఆపొద్దు’ అని చెప్పేయండి. సంజాయిషీలు వద్దు, లోను ప్రయత్నిస్తున్నాం లాంటి అబద్ధాలు అసలే వద్దు. ఆవిడ ఒక క్షణం మాట్లాడకపోవచ్చు. అప్పుడు కరివేపాకు చెట్టు పక్కన ఆ బండ ఎవరు వేయించారని అడగండి. వాషింగ్ మెషీన్ ఉన్న 300 గజాల డూప్లెక్స్‌లో వెనక బండ వేయించుకున్న మనిషి ఆవిడే అయ్యుంటుంది, ఆర్కిటెక్ట్ ప్లానులో అది ఉండి ఉండదు. మా వారు మీ ఇంట్లో వంక పెట్టనిది దానికొక్కదానికేనని కూడా చెప్పండి. ఆవిడ నవ్వితే, ఆ బండ ఎత్తెంతో, నీళ్ళు ఎటు పోయేలా వాలు పెట్టించారో అడిగి, నాకో ముక్క రాయండి.